గుండ్లచెరువు మానవ కోణం

గుండ్లచెరువు తూము కారుతున్న సంగతి ముందుగా కనిపెట్టినవి బర్రెలు. వానలు ఆగిపోయాక కూడా కట్ట దిగువన చల్లటి బురదమడుగు ఒకటి ఉందని పసిగట్టి, మధ్యాహ్నమయ్యేసరికి అన్నీ అక్కడ చేరి కళ్ళు మూసుకుని నెమరేసేవి. వాటిని తోలుకుపోవడానికి వచ్చిన వెంగమ్మ మడుగును చూసింది, మడుగులోకి వస్తున్న ధారను చూసింది, ధార వెంట పైకి వెళ్ళి తూము తలుపును చూసింది. ఇనప తలుపు అడుగంతా తుప్పుతిని జల్లెడ అయిపోయి ఉంది. ఆమె అటునుంచి అటే బస్సెక్కి టౌనులో ఇరిగేషన్ ఆఫీసుకు వచ్చింది.

వెంగమ్మ ఆ చెరువు నీటి సంఘానికి ప్రెసిడెంటు. పొడగరి మనిషి, నిలబడితే గుంజ పాతినట్టు నిటారుగా నిలబడుతుంది. సంఘం ఎన్నికలప్పుడు కూడా ఎవరికీ వంగి దండం పెట్టలేదనీ, అయినా గెలిచిందనీ ఊళ్ళో చెప్పుకుంటారు. ఈ నిటారుతనమే తర్వాత ప్రభుత్వానికి పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది.

"తూము కారతా ఉండాది సారూ," అంది అసిస్టెంట్ ఇంజినీరు వేదాద్రితో. "పైరు ఇప్పుడిప్పుడే పచ్చబడతా ఉండాది. కంకి పాలు పోసుకునేదాకా చెరువులో నీళ్ళుండాల. ఉంటాయా, ఉండవా? అదొక్కటే చెప్పండి."

"తలుపు మారిస్తే ఉంటాయమ్మా."

"మారుస్తారా?"

"మారుస్తాం. నాదీ పూచీ," అన్నాడు వేదాద్రి.

పూచీ అనే మాట ఆ ఆఫీసులో అంతకుముందు ఎవరూ వాడినట్టు లేదు. పక్క బల్ల దగ్గర గీతలు గీసుకుంటున్న డ్రాఫ్ట్స్‌మన్ ఖాజావలి తల ఎత్తి వేదాద్రి వంక జాలిగా చూసి, మళ్ళీ పనిలో పడ్డాడు.

నిజానికి అది చిన్న పని. ఒక తలుపు, నాలుగు బోల్టులు, ఇద్దరు మనుషులు, ఒక పూట. వేదాద్రి ఆ సాయంత్రమే ఎస్టిమేటు వేసి పంపాడు. మామూలు రోజుల్లో అయితే సంతకాలు పడి తిరిగొచ్చేది. కానీ అవి మామూలు రోజులు కావు. రాజధానిలో పెద్ద అధికారులు కొందరు ఏదో శిక్షణకు వెళ్ళి, సహజ వనరులంటే నీళ్ళూ మట్టీ చెట్లూ మాత్రమే కావనీ, వాటి వెనక మనిషి ఉన్నాడనీ, మనిషి వెనక వ్యాపారం ఉందనీ తెలుసుకుని వచ్చారు. ఇన్నాళ్ళూ ఈ సంగతి తెలియనందుకు చాలా నొచ్చుకుని, వచ్చిన మర్నాడే ఒక ఉత్తర్వు జారీ చేశారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకపై ఏ వనరునకు సంబంధించిన ప్రతిపాదనయైనను, మానవ కోణము మరియు వ్యాపార కోణము నమోదు కానిదే పరిశీలనకు స్వీకరింపబడదు."

ఎస్టిమేటు వెనక్కి వచ్చింది. వేదాద్రికి ఉత్తర్వు నచ్చింది కూడా. నిజమే, చెరువంటే మనుషులే కదా అనుకుని, ఆయకట్టులో ఎవరెవరు బతుకుతున్నారో, నీళ్ళు పోతే వాళ్ళ గతి ఏమవుతుందో ఒక అరపేజీ శ్రద్ధగా రాసి పంపాడు. "కోణము నమోదు కాలేదు" అని తిరిగొచ్చింది. ఈసారి రెండు పేజీలు రాశాడు. కౌలు రైతుల గురించి రాశాడు, కలుపు కూలీల గురించి రాశాడు, వెంగమ్మ బర్రెల్ని కూడా వదల్లేదు. "కోణము నమోదు కాలేదు" అని అదీ వచ్చేసింది. వేదాద్రి హెడ్డాఫీసులో కంప్యూటరు చూసే గుమస్తాకు ఫోన్ చేశాడు.

"ఆ గడిలో అక్షరాలు పట్టవు సార్," అన్నాడు గుమస్తా. "అంకెలే పడతాయి."

"మనుషుల గురించి అంకెల్లో ఎట్లా రాయమంటారండీ?"

"అదైతే నాకు తెలియదు సార్. మూడంకెల దాకా పడతాయి."

వేదాద్రి తల పట్టుకుని కూర్చున్నాడు. ఖాజావలికి అందులో తల పట్టుకోవాల్సింది ఏమీ కనిపించలేదు. ఆయన సర్వీసంతా కట్టల వాలూ కాలవల వంపూ గీసినవాడు. "కోణమంటే డిగ్రీలే గదా సార్," అన్నాడు. "ముప్పై అయిదు వేసేయండి. కట్ట వాలుకి కూడా అప్పుడప్పుడు అంతే వేస్తుంటాం, ఇంతవరకు ఎవరూ ఏమీ అనలా."

"వ్యాపార కోణం?"

"ఇరవై చాల్లెండి. ఆ చెరువు కాడ వ్యాపారమేముంది?"

ఫైలు గాలిలో తేలినట్టు పైకి వెళ్ళిపోయింది. వేదాద్రి, ఖాజావలి టీ తెప్పించుకుని తాగి నవ్వుకున్నారు. ఆ నవ్వు పై నుంచి జవాబు వచ్చేదాకా నిలిచింది.

"గుండ్లచెరువు మానవ కోణము ముప్పై అయిదు డిగ్రీలు మాత్రమే ఉన్నట్లు గమనించడమైనది. ఇది మిక్కిలి ఆందోళనకరము. పొరుగు జిల్లాలో ఇదే కోణము అరవైకి పైబడి కలదు. కోణములను తగు రీతిన పెంచి ప్రతిపాదనను తిరిగి సమర్పించవలెను."

పొరుగు జిల్లాలోనూ ఎవరో ఒక ఖాజావలి ఉన్నాడని అర్థమై, వేదాద్రి ఎస్‌.ఈ. ప్రభంజనరావు గారి గదికి పరిగెత్తాడు. ఆయన జిల్లా మొత్తానికి ఇంజినీర్ల పెద్ద. కుర్చీలో కూర్చున్నా మైకు ముందు నిలబడినట్టే మాట్లాడతారు.

"సార్, చిన్న పొరపాటు జరిగింది. మానవ కోణం అంటే డిగ్రీలు కాదు సార్. దృక్కోణం అన్న అర్థంలో..."

"దృక్కోణం వేరే గడి వేదాద్రీ. అది వచ్చే ఏడాది నుంచి అమల్లోకి వస్తుంది."

"కాదు సార్, ఆ ముప్పై అయిదు మేం ఊరికే వేశాం."

"ఊరికే వేస్తే ముప్పై అయిదు వచ్చిందంటే, శాస్త్రీయంగా వేస్తే ఎంత వస్తుందో ఆలోచించు," అన్నారు ప్రభంజనరావు. "సదరు విషయమై నిపుణులను రప్పిస్తున్నాం."

నిపుణులు సహజ వనరుల మానవీయ వాణిజ్య అధ్యయన కేంద్రం నుంచి వచ్చారు. కేంద్రం కొత్తది. భవనం ఉంది, బోర్డు ఉంది, అధ్యయనం చేయడానికి ఏదన్నా దొరికితే బాగుండునని అందరూ ఎదురుచూస్తున్నారు. దాని డైరెక్టరు డాక్టర్ విశ్వంభర్ జీపులో వస్తూ, నల్లబల్ల మీద వాడే కొయ్య కోణమానిని లాంటిదాన్నే మనిషి ఎత్తున చేయించి వెంట తెచ్చారు. దాన్ని ఇద్దరు మోస్తే గాని కట్ట ఎక్కలేదు.

"మానవుడు వనరు వైపు మొగ్గు చూపుతాడు," అని కట్ట మీద చేరిన రైతులకు ఆయన వివరించారు. "ఆ మొగ్గే వంపు. వనరుకు సంరక్షకులెవరు? అధికారులు. కావున రైతు అధికారి ఎదుట ఎంత వంగుతాడో అంత మేరకు అతనికి వనరు పట్ల నిబద్ధత ఉన్నట్టు. ఆ వంపును డిగ్రీలలో మాపనం చేయడమే మానవ కోణ నిర్ధారణ."

రైతులకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, అధికారి ముందు వంగడం వాళ్ళకు కొత్త కాదు. ప్రభంజనరావు గారు కుర్చీ వేయించుకుని కూర్చుంటే ఒక్కొక్కరే వచ్చి, అలవాటైన అర్జీ మాటలు చెప్పి, అలవాటైనంత వంగారు. పక్కన కోణమానిని నిలబెట్టి, తల నుంచి నడుము దాకా దారం పట్టి, రీడింగు తీశారు. నలభై వచ్చింది, యాభై వచ్చింది. నడుము పట్టేసి ఏళ్ళ తరబడి తల ఎత్తి నిలబడలేని కోటయ్యకు తొంభై వచ్చింది. విశ్వంభర్ ఆనందం పట్టలేక అతన్ని ఆదర్శ వాటాదారుగా అక్కడికక్కడే ప్రకటించి శాలువా కప్పారు. శాలువా జారిపోకుండా ఉండాలంటే నిటారుగా నిలబడాలి, కోటయ్య వల్ల కాలేదు, శాలువా జారి కింద పడింది.

వెంగమ్మ వంతు వచ్చింది. ఆమె వచ్చి, చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడింది. దారం కోణమానిని మీద నిట్టనిలువుగా పడింది.

"సున్నా," అన్నారు విశ్వంభర్, ముఖం ముడుచుకుని. "అమ్మా, కొంచెం వంగండి."

"ఎందుకు?"

"కోణం కోసం."

"నేను వంగితే తూము ఆగతాదా?"

"తూము ఇంజినీరింగు విభాగం పరిధిలోనిది. మాది మానవ విభాగం."

"అట్టయితే ఆ తూము ఇభాగమోళ్ళు వచ్చినప్పుడు కబురంపండి," అని వెంగమ్మ బర్రెల దగ్గరికి వెళ్ళిపోయింది.

అక్కడితో పోతే పోయేది. కానీ సంఘం ప్రెసిడెంటు రీడింగుకే మొత్తం లెక్కలో సగం విలువ ఇవ్వాలని కేంద్రం నియమావళిలో ఉంది. వెంగమ్మ ఒక్కతే నిటారుగా నిలబడి, ఊరందరి వంపునూ సగానికి లాగేసింది. గుండ్లచెరువు మానవ కోణం పెరగకపోగా తగ్గింది.

వేదాద్రి ఆమె చేలోకి వెళ్ళాడు. పైరు మోకాళ్ళెత్తు లేచి ఉంది. కాలవలో నీళ్ళు మాత్రం పాదం తడవడానికి సరిపోయేట్టున్నాయి. చెరువు అప్పటికే సగానికి దిగిపోయింది. అతనికి సిగ్గేసింది. అయినా నోరు విడిచి అడిగాడు.

"అమ్మా, ఆ ఎస్‌.ఈ. గారి ముందు ఒక్కసారి నడుము వంచు. ఫైలు కదులుతుంది. పైరు దక్కుతుంది."

వెంగమ్మకు కోపం రాలేదు. వస్తే అతనికి కాస్త హాయిగా ఉండేది. "సారూ, కలుపు తీసేటప్పుడు పొద్దుగూకులూ వంగే ఉంటా గదా," అంది. "అప్పుడెవురూ కొలవడానికి రాలేదే?"

ఈ మాట సబబుగా తోచి, వేదాద్రి వెళ్ళి విశ్వంభర్‌తో చెప్పాడు. ఆయన నియమావళి తిరగేసి చూసి, తల అడ్డంగా ఊపారు. "అది శ్రమ. శ్రమ మా పరిధిలోకి రాదు."

మానవ కోణం కదలకపోయేసరికి వ్యాపార కోణం మీద పడ్డారు. కేంద్రం వాణిజ్య సలహాదారు నల్ల కళ్ళజోడుతో కట్ట మీద ఒక పూట తిరిగి, ఇక్కడ జనం సంతోషంగా చేరే చోటు ఏదని అడిగాడు. తూము ధార కింద తానాలాడుతున్న పిల్లల్నీ బర్రెల్నీ చూపించారు. సలహాదారు కళ్ళజోడు తీసి ఆ ధారను చాలాసేపు చూశాడు. మరుసటి వారానికల్లా అక్కడ 'తూము జలపాతం' అనే బోర్డు లేచింది. టిక్కెట్టు బల్ల వచ్చింది, మిరపకాయ బజ్జీల బండి వచ్చింది, చెరువులో హంస ఆకారంలో ఒక పడవ వచ్చింది. టౌను జనం ఆదివారాలు వచ్చి తుప్పునీళ్ళ ధార ముందు నిలబడి ఫొటోలు దిగారు. బర్రెలకు టిక్కెట్టు లేదని వాటిని వెళ్ళగొట్టారు. వ్యాపార కోణం ఇరవై నుంచి డెబ్బైకి ఎగబాకింది.

"ఇప్పుడు తలుపు మారుస్తారా సార్?" అని అడిగాడు వేదాద్రి.

"తలుపు మారిస్తే ధార ఆగుతుంది. ధార ఆగితే వ్యాపార కోణం పడిపోతుంది," అన్నారు ప్రభంజనరావు. "పైపెచ్చు ధార సన్నగా ఉందని సందర్శకుల నుండి ఫిర్యాదులు అందుచున్నవి."

ఫిర్యాదుల మీద చర్య తీసుకున్నారు. తూము తలుపు చిల్లులు పెద్దవి చేయడానికి ప్రతిపాదన వెళ్ళిన రోజే మంజూరైంది. ఈ పనికి కోణాలు అడగలేదు, ఎందుకంటే ఇది కోణాన్ని పెంచే పని. వేదాద్రి సంతకం పెట్టనని మొండికేశాడు. ప్రభంజనరావు చిరునవ్వు నవ్వి, తానే పెట్టారు. ఆ రాత్రి వేదాద్రి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు గాని ముద్ద నోట్లోకి పోలేదు. పూచీ అన్న తన మాటే చెవిలో మోగుతోంది.

జిల్లా సమీక్షా సమావేశంలో అతను తెగించాడు. గోడ మీద తెల్ల బోర్డు ఉంది. లేచి వెళ్ళి దాని మీద ఒక త్రిభుజం గీశాడు. ఒక మూల మానవుడు అని రాశాడు, ఒక మూల వ్యాపారం, మూడో మూల చెరువు.

"సార్, ఏడో తరగతిలో చదువుకున్నదే. త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే నూట ఎనభై. మనం ఈ రెండింటినీ పెంచుకుంటూ పోతున్నాం. ఇవి రెండూ తొంభైకి చేరితే ఈ మూడోదానికి మిగిలేది సున్నా. సున్నా అంటే చెరువు లేదని సార్. చెరువు లేకపోతే ఈ మనుషులెక్కడ, ఈ వ్యాపారమెక్కడ?"

హాలంతా బోర్డు వైపే చూసింది. అర్థమైందని వేదాద్రి అనుకున్నాడు. విశ్వంభర్ నెమ్మదిగా లేచి, బోర్డు దగ్గరికి వచ్చి, త్రిభుజాన్ని వేలితో తడిమారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇన్నాళ్ళూ మాకు లేనిది ఇదే," అన్నారు. "సిద్ధాంతం! రెండు కోణాల గురించి తపించాం గాని, మూడోదాన్ని ఎంతకు తేవాలో మాకు స్పష్టత లేకపోయింది. సున్నా! ఎంత సరళమైన లక్ష్యం!"

ప్రభంజనరావు చప్పట్లు కొట్టారు. ఆయన కొడితే అందరూ కొట్టారు. ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. "వనరు కోణమును మార్చి నెలాఖరులోగా సున్నాకు తీసుకురావలెను. ఈ విషయమున అలసత్వము సహింపబడదు." కింద వేదాద్రి పేరు వేసి, అతని కృషిని ప్రత్యేకంగా ప్రశంసించారు. అతను ఆ కాగితాన్ని ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

లక్ష్యం గడువుకు ముందే నెరవేరింది. పెద్దవైన చిల్లుల్లోంచి చెరువు దర్జాగా ఖాళీ అయిపోయింది. హంస పడవ ఒక పక్కకు ఒరిగి బురదలో కూరుకుపోయింది. బురద ఎండి నెర్రెలిచ్చింది. బజ్జీల బండి వెళ్ళిపోయినా, టిక్కెట్లు మాత్రం అడ్వాన్సుగా అమ్ముతూ వ్యాపార కోణాన్ని తొంభైకి ఎక్కించి నిలబెట్టారు. పైరు పొట్టకొచ్చిన వేళకు కాలవలో తడి లేదు. కంకులు బయటికి వచ్చాయి గాని తెల్లగా, తాలుగా వచ్చాయి.

గుండ్లచెరువును రాష్ట్రంలోకెల్లా ఉత్తమ వనరుగా ఎంపిక చేశారు. ఇంత పేరొచ్చిన చెరువుకు తుప్పు తలుపు ఉండటం బాగుండదని, కొత్త తలుపు మంజూరు చేశారు. ఒక తలుపు, నాలుగు బోల్టులు, ఇద్దరు మనుషులు, ఒక పూట. తలుపుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. కాయలోని నీళ్ళు ఎండిన తూము రాయి మీద పడి క్షణంలో ఇంకిపోయాయి.

ప్రభంజనరావు వంగి తలుపు కింద చెయ్యి పెట్టి చూశారు. "చుక్క కారడం లేదు!" అని ప్రకటించారు. శామియానా కింద అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

ఒక్క లోటు మిగిలింది. అవార్డు కాగితాల్లో మానవ కోణం ఇంకా తొంభైకి రాలేదు. మిగతావాళ్ళ రీడింగులు తొంభైకి సవరించినా, ఆ ఒక్క మనిషి రీడింగు సున్నా దగ్గరే ఆగి ఉంది. నెలాఖరు దగ్గర పడింది గనక, విశ్వంభర్ ఆ రోజు ఉదయమే నియమావళి సవరించి, శ్రమను కూడా కేంద్రం పరిధిలోకి చేర్చారు. "పదండి, ఆమె ఎక్కడుందో అక్కడికే వెళ్దాం. నడుము వంచిన చోట పట్టుకుందాం," అన్నారు. కోణమానిని ఒక కొస వేదాద్రి భుజాన పెట్టారు.

వెంగమ్మ చేలో ఉంది. గింజ పట్టని పైరును కొడవలితో కోసి బర్రెల మేతకు మోపులు కడుతోంది. సగం పొలం కోసేసింది. కాళ్ళ కింద మన్ను గట్టిపడి, కొడవలి తగిలినప్పుడల్లా గరగరమంటోంది. ఆమె నడుము దాకా వంగి ఉంది. వీళ్ళు వచ్చిన అలికిడి విని కూడా తల ఎత్తలేదు.

కోణమానిని నిలబెట్టారు. దారం పట్టమని వేదాద్రి చేతికిచ్చారు. ఆమె తల దగ్గర ఒక కొస, నడుము దగ్గర ఒక కొస పట్టాడు.

"తొంభై!" అని విశ్వంభర్ కేక పెట్టారు. "ఖచ్చితంగా తొంభై! రాసుకోండి!"

వెంగమ్మ పిడికెడు పైరు కోసి పక్కన పెట్టింది. "ఏఈ సారూ," అంది, లేవకుండానే. "నడుము వంచమని వచ్చినారు గదా ఆ పొద్దు. ఇంత సరిపోద్దా?"

వేదాద్రి వెనక సభ తాలూకు ఫొటోగ్రాఫరు పరిగెత్తుకుంటూ గట్టు దిగుతున్నాడు.

"అమ్మా, లేవకండి, లేవకండి," అన్నారు విశ్వంభర్. "అట్లాగే ఉండండి. ఇంకొక్క రీడింగు, ఫొటోతో సహా!"

వెంగమ్మ కొడవలి మోకాలికి ఆనించి లేచింది. ఒక్కసారిగా లేవలేదు, నడుం పట్టుకుని మెల్లగా లేచింది. లేచాక మాత్రం ఎప్పటిలాగే నిలబడింది. వేదాద్రి చేతిలోని దారం కోణమానిని మీద నిట్టనిలువుగా పడింది.

"ఎంత వేదాద్రీ?" అని గట్టు మీద నుంచి ప్రభంజనరావు అడిగారు.

"సున్నా, సార్," అన్నాడు వేదాద్రి గట్టిగా.

"చెరువుది కాదయ్యా," అన్నారు ప్రభంజనరావు. "అది మాకు తెలుసు."